నల్గొండ–మిర్యాలగూడ లైను మోడల్: అసలు పట్టాల కొలతలు ఎక్కడిదాకా పనికొస్తయి?

చిట్యాల లూప్‌లైన్ (ప్రశ్న)

అన్నలకు నమస్తే. మేడ మీద 12×10 అడుగుల గది ఖాళీగ ఉంది. గోడల వెంట బల్ల వేసి, బీబీనగర్–నడికుడి లైను మీద ఉండేటి చిన్న స్టేషన్ ఒకటి మోడల్ కట్టాలనుకుంటున్న. సింగిల్ లైన్, ఒక లూప్ (బండిని పక్కకు నిలిపే లైను), ఒక గూడ్స్ సైడింగ్, పైన కరెంటు తీగలు.

సామాను ఇది, అంతా 1:87 సైజు (దాన్నే హెచ్‌ఓ అంటరు): హెచ్‌ఓ ఫ్లెక్స్ ట్రాక్ (వంచితే వంగేటి పట్టాలు) కోడ్ 100, గజం పొడవువి పది. 438 మి.మీ. రేడియస్ సెట్ కర్వులు. మీడియం పాయింట్లు (బండిని లైను మార్చేటి పట్టాలు) నాలుగు. 1:87 ఎల్‌హెచ్‌బీ (ఇప్పటి కొత్త రకం) కోచ్‌లు ఆరు.

కోచ్‌ను పట్టాల మీద పెట్టి ఎదురుంగ చూస్తే పైన వెడల్పు, కింద సన్నం. ప్లాట్‌ఫారం చివర నిలబడి చూసినప్పుడు కనిపించే ఆకారం రావట్లేదు. పట్టా మాత్రం లావుగ కనిపిస్తది. అసలు లైను కొలతలన్నీ 87తోని భాగించి అట్లనే వేస్తే బండి నడుస్తదా? ఏవి భాగించాలె, ఏవి ముట్టుకోవద్దు? కర్వుల బయటి పట్టాకు ఎత్తు ఇయ్యాల్నా? ఎండకాలం మా స్లాబు కింద గది కాగిపోతది, జాయింట్ల కాడ సందు ఎంత వదలాలె?

గేజుకొలత (జవాబు)

మీ కన్ను సరిగ్గానే చూసింది. హెచ్‌ఓ ట్రాక్ గేజు, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 16.5 మి.మీ. దాన్ని 87తో గుణిస్తే 1435 మి.మీ., అంటే యూరప్, అమెరికాల స్టాండర్డ్ గేజు. మన బ్రాడ్ గేజు 1676 మి.మీ. భాగిస్తే 19.26 మి.మీ. రావాలి. అసలు లెక్కలో చూస్తే మీ పట్టాల మధ్య 24 సెంటీమీటర్లు తక్కువ. పైన 3.24 మీటర్ల వెడల్పున్న ఎల్‌హెచ్‌బీ కోచ్ కూర్చుంటే ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మూడు దారులున్నాయి.

16.5నే ఉంచుకొని 1:87లో కట్టడం మొదటిది. కొన్న కోచ్‌లు, ఇంజన్లు, పాయింట్లు అన్నీ పనికొస్తాయి. ఎదురుగా చూస్తే తప్ప తేడా తెలియదు. బల్లను కంటి ఎత్తుకు దగ్గరగా పెట్టి, చూసేవాళ్లు పక్క నుంచే చూసేలా అమరిస్తే సగం సమస్య పోతుంది.

19.26 గేజు స్వయంగా వేయడం రెండోది. ప్రతి స్లీపరు, ప్రతి పాయింటు చేత్తో చేయాలి, ప్రతి ఇరుసు మార్చాలి. ఇంజన్‌లో గేరు డబ్బా రెండు చక్రాల మధ్య ఇరుక్కొని ఉంటుంది కాబట్టి ఇరుసు పొడిగించడం లేతు పని. మొదటి లేఅవుట్‌కు నేను వద్దంటాను.

మూడోది చాలామందికి తట్టదు. 1676ను 16.5తో భాగించండి, 101.6 వస్తుంది. అంటే 1:100లో కడితే ఇదే ట్రాకు మన బ్రాడ్ గేజుకు దాదాపు సరిపోతుంది. ఇళ్ల నమూనాలు చేసే ఆర్కిటెక్టులు వాడేది కూడా 1:100నే, మనుషుల బొమ్మలు, చెట్లు ఆ సైజులో దొరుకుతాయి. కోచ్‌లు స్వయంగా కార్డుతోనో త్రీడీ ప్రింట్‌తోనో చేసుకునేవాళ్లకు ఇదే మంచి దారి. మీరు ఇప్పటికే 1:87 కోచ్‌లు కొన్నారు, రెంటినీ కలిపితే స్టేషన్ పక్కన కోచ్ రాక్షసిలా కనిపిస్తుంది. కాబట్టి మీకు మొదటి దారే.

ఇక పట్టా లావు. మన మెయిన్ లైన్లలో మీటరుకు 60 కిలోల పట్టా ఎత్తు 172 మి.మీ., 52 కిలోలది 156. కోడ్ 100 అంటే అంగుళంలో వెయ్యికి వంద, 2.54 మి.మీ. దాన్ని 87తో గుణిస్తే 221 మి.మీ. అంత ఎత్తు పట్టా మనకు ఏ లైన్లోనూ లేదు. కోడ్ 75 అయితే 166 మి.మీ., మన రెండు పట్టాల నడుమ పడుతుంది. కనిపించే ముందు భాగానికి కోడ్ 75 తెచ్చుకోండి, కొన్న కోడ్ 100ను వెనక గోడ వైపు, బండ్లు దాచే లైన్లకు వాడేయండి. రెండూ కలిసేచోట మార్పు జాయినర్లు (పట్టా కొసలు కలిపే ముక్కలు) దొరుకుతాయి. పట్టా పైభాగాలు ఒకే మట్టంలో ఉండాలి. పాత రకం లోతు ఫ్లాంజి (చక్రం లోపలి అంచు) ఉన్న చక్రాలు కోడ్ 75లో స్లీపరు మీది క్లిప్పులకు తగిలి టకటకలాడతాయి, కొనేముందు ఒక కోచ్ దొర్లించి చూడండి.

వెర్సైన్ వీరుడు (జవాబు)

కర్వుల సంగతి నేను చెప్త. ట్రాక్ మెయింటెనెన్స్‌ల వాడే పద్ధతే మోడల్‌కు అచ్చంగ పనికొచ్చేది ఇక్కడనే.

ముందుగాల ఆ 438 సెట్ కర్వులు పక్కన పెట్టు తమ్మీ. 87తో గుణిస్తే 38 మీటర్లు. మన బ్రాడ్ గేజుల పది డిగ్రీల కర్వే ఆఖరు, అంటే 175 మీటర్లు. మోడల్‌ల అది 2 మీటర్ల రేడియస్, నీ గదిల పట్టదు. అందుకే రేడియస్‌ను భాగించి తెచ్చుకోవుడు కుదరదు, కోచ్ పొడవుతోని లెక్కకట్టాలె. ఎల్‌హెచ్‌బీ కోచ్ 23.54 మీటర్లు, మోడల్‌ల 270 మి.మీ. రేడియస్ దానికి మూడింతలుంటే బండి నమ్మకంగ తిరుగుతది, రెండింతలైతే కప్లింగులు గుంజి కోచ్ పడిపోవచ్చు. నువ్వు 800 మి.మీ. పెట్టు. పదడుగుల వెడల్పు గదిల మంచిగ పడుతది.

రెండోది, తిన్నటి లైనుకెళ్లి ఒక్కసారి 800 కర్వులకు దూకనీయకు. అసలు లైన్ల నడుమ ట్రాన్సిషన్, అంటే వంపు మెల్లగ పెరిగే ముక్క, ఉంటది. మన రైల్వే దానికి క్యూబిక్ పారాబొలా అనే వంపు వాడుతది. కర్వును లోపలికి జరిపే దూరం, అంటే షిఫ్టు, ట్రాన్సిషన్ పొడవు వర్గాన్ని 24 రెట్ల రేడియస్‌తో భాగిస్తే వస్తది. ఆ లెక్క మోడల్‌కు గూడ అంతే. 400 మి.మీ. ట్రాన్సిషన్ అనుకో, 800 రేడియస్‌కు షిఫ్టు 8.3 మి.మీ. బల్ల మీద కర్వు గీతను తిన్నటి గీత నుంచి 8 మి.మీ. లోపలికి గీసి, నడుమ 400 మి.మీ.ల ఒక సన్నటి చెక్క బద్దను వంచి రెండు గీతలను కలుపు. బద్ద తనకు తానుగ వంగిన వంపే నీకు కావాల్సిన ట్రాన్సిషన్.

పరీక్ష ఇట్ల చెయ్యి. బయట పట్టాల గ్యాంగు 20 మీటర్ల దారం పట్టి, పది మీటర్లకొక గుర్తు కాడ నడుమ ఎడం కొలుస్తది. అదే వెర్సైన్. నువ్వు 200 మి.మీ. పొడవు, 8 మి.మీ. వెడల్పు ప్లాస్టిక్ పట్టీ కొయ్యి, అంచు తిన్నగ ఉండాలె. రెండు పట్టాల నడుమ పెట్టి, దాని రెండు కొసలు బయటి పట్టా లోపలి మొహానికి ఆనించు. పట్టీ నడిమధ్యల, పట్టీకి పట్టాకు ఉన్న ఎడం కొలువు. 800 రేడియస్ ఉన్నకాడ 6.2 మి.మీ. రావాలె. వెర్నియర్ లేకుంటే డ్రిల్ బిట్లు చాలు: 6 బిట్టు దూరి 6.5 దూరకుంటే సరి. ప్రతి 100 మి.మీ.లకు పెన్సిల్ గుర్తు పెట్టి వరుసగ రాసుకో. ట్రాన్సిషన్‌ల 0.3, 1.6, 3.1, 4.7, 6 అట్ల మెట్టు మెట్టుగ పెరగాలె. ఎక్కడన్న 3, 5.5, 3.5 అని దుంకిందంటే ఆడ ముడత ఉన్నట్టే. చూస్తే కనపడదు గని చక్రానికి తెలుస్తది. నూటికి తొంభై ఆ ముడత ఫ్లెక్స్ ట్రాక్ జాయింట్ కాడనే ఉంటది.

ఎందుకంటే పట్టా కొస వంగనంటది. కర్వుల జాయింట్ వచ్చేటట్టుంటే రెండు ఫ్లెక్స్ ముక్కలను తిన్నగ పెట్టి జాయినర్లను టంకం వేసి, ఆ తర్వాతనే వంచు. వంచితే లోపలి పట్టా బయటికి పొడుచుకొస్తది. 90 డిగ్రీలకు 26 మి.మీ., రేడియస్ ఏదైనా అంతే, గేజును పై (π)తో గుణించి సగం చెయ్యి. అది కోసేయాలె. కోసిన కొసను సన్నటి ఆకురాయితోని లోపలి అంచు రుద్దకపోతే ఫ్లాంజి దానికే తగులుతది.

ఎత్తు సంగతి. అసలు లైన్ల 875 మీటర్ల కర్వు మీద 100 కి.మీ. వేగానికి సరిసమానమైన కేంట్, అంటే బయటి పట్టాకిచ్చే ఎత్తు, 157 మి.మీ. ఆడ నిజంగ బండిని బయటికి తోసే బలముంది. నీ మోడల్ అదే వేగానికి 87వ వంతుల పోతే సెకనుకు 32 సెం.మీ., 800 కర్వుకు కావాల్సిన కేంట్ 0.2 మి.మీ. అంటే బండికి అక్కరలేదు, కంటికే. పైగా పొడుగు బండి ఇంజన్ గుంజుతుంటే తేలిక కోచ్‌లు లోపలికి వాలుతయి, ఎత్తు ఎక్కువైతే పడిపోతయి. కాబట్టి 1 మి.మీ. దాటనీయకు. బయటి స్లీపరు కొసల కింద అట్ట పట్టీ, ట్రాన్సిషన్ పొడవునా 0.25, 0.5, 0.75, 1 అని పెంచుకుంట పో. ఒక్కసారి లేపితే నాలుగు చక్రాలల్ల ఒకటి గాలిల ఉంటది.

స్టేషన్ యార్డు మాత్రం మట్టంగ ఉంచు. అసలు లైన్ల గూడ యార్డు వాలు 1:400 దాటనీయరు, నిలబెట్టిన వ్యాగన్లు దొర్లుకుంట పోతయని. మోడల్ ఇరుసులు సూది మొన మీద తిరుగుతయి, ఇంకా తొందరగ పోతయి.

చిట్యాల లూప్‌లైన్

మస్తు ఉపయోగమైంది అన్నా. 438 కర్వులు పక్కన పెట్టేసిన. ఇంకో రెండు. పాయింట్ల కాడ అసలు కొలత వాడొచ్చా? 1:12 (పన్నెండుకు ఒకటి చొప్పున విడిపోయేటి) పాయింట్లే పెడుదామనుకున్న. కరెంటు సంగతి గూడ చెప్పండ్రి, పట్టాలల్ల కరెంటు పోతే ఇరుసు రెండింటిని కలిపేస్తది గద?

తొడిమి పట్టా (జవాబు)

1:12 పాయింటులో లీడ్ కర్వు (పక్కకు వంగే భాగం) రేడియస్ 441 మీటర్లు, హెచ్‌ఓలో 5 మీటర్లు. మీ గదిలో లూప్ కంటే పాయింట్లే పొడవవుతాయి. దుకాణంలో దొరికే స్ట్రీమ్‌లైన్ రకం పాయింట్ల క్రాసింగ్ (రెండు పట్టాలు దాటుకునే చోటు) 12 డిగ్రీలు, అంటే దాదాపు 1:4.7. లార్జ్ రేడియస్ వాటిది 1524 మి.మీ., మెయిన్ లైన్లో అవి పెట్టండి. మీ మీడియంవి సైడింగుకు చాలు. లూప్ పొడవు కూడా అంతే: అసలు స్టేషన్లో 686 మీటర్లు, మోడల్‌లో 7.9 మీటర్లు. మీరు ఇంజన్, ఆరు కోచ్‌ల బండి నిలిచేలా 2.2 మీటర్లు ఉంచితే న్యాయంగా కనిపిస్తుంది.

క్రాసింగ్ దగ్గర 87తో భాగించడం ఎందుకు కుదరదో చెప్తాను. అసలు చక్రం వెడల్పు 127 మి.మీ., భాగిస్తే 1.46. మోడల్ చక్రం వెడల్పు 2.8. అసలు కొత్త చక్రం ఫ్లాంజి ఎత్తు 28.5 మి.మీ., భాగిస్తే 0.33. మోడల్ ఫ్లాంజి 0.64. అసలు చెక్ రైలు (చక్రాన్ని దారిలో ఉంచే పక్క పట్టా) సందు 44 నుంచి 48 మి.మీ., భాగిస్తే అర మిల్లీమీటరు. మోడల్ ఫ్లాంజి అందులో దూరనే దూరదు, అందుకే మోడల్‌లో సుమారు 1.2 ఉంచుతారు. చక్రం, సందు, గేజు ఈ మూడూ ఒకే కుటుంబం. ఒకదాన్ని అసలు కొలతకు తెచ్చి మిగతావి వదిలేస్తే బండి దిగిపోతుంది. కంటికి కనిపించేది అసలు లెక్కలో, చక్రం ముట్టుకునేది మోడల్ లెక్కలో పెట్టుకోండి.

పాయింట్ల మీద బండి పడిపోతుంటే ముందు పాయింటును అనుమానించకండి, చక్రాల వెనక మొహాల మధ్య దూరం కొలవండి. 14.4, 14.5 మధ్య ఉండాలి. తక్కువైతే చెక్ రైలును, వింగ్ రైలును (క్రాసింగ్ పక్క పట్టా) ఒరుసుకొని ఎగురుతుంది. ఎక్కువైతే ఫ్లాంజి క్రాసింగ్ ముక్కును గుద్దుతుంది. చెక్ రైలు సందు వెడల్పై చక్రం క్రాసింగ్ ముక్కు వైపు జరుగుతుంటే చెక్ రైలు మొహానికి 0.25 మి.మీ. ప్లాస్టిక్ పట్టీ అంటించి సరిచేయొచ్చు.

ఇరుసు ప్రశ్న చాలా మంచిది. అసలు లైన్లో ఇరుసు రెండు పట్టాలను కలపడమే కావాలి. ట్రాక్ సర్క్యూట్లో ఒక కొస నుంచి చిన్న డీసీ పంపుతారు, రెండో కొసన రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) దాంతో లేచి ఉంటుంది. బండి వస్తే ఇరుసు షార్ట్ చేస్తుంది, రిలే పడుతుంది, సిగ్నల్ ఎరుపవుతుంది. మోడల్‌లో బండి నడిచే కరెంటే ఆ పట్టాల్లో ఉంటుంది, కాబట్టి ఇరుసుకు ఒక చక్రం దగ్గర ప్లాస్టిక్ బుష్ పెట్టి విడదీస్తారు. లోహపు చక్రాలు విడిగా కొన్నప్పుడు ప్లాస్టిక్ బోగీలో విడదీసిన చక్రాలన్నీ ఒకే వైపు రానవసరం లేదు, లోహపు బోగీలో మాత్రం రావాలి. ప్రతి ఇరుసుకూ ఒకటి ఉండాలి. మల్టీమీటరు పెట్టి చూడండి.

జాయినర్ల మీద కరెంటు నమ్మొద్దు. ఆరు నెలలకు లోపల పాసి పట్టి వోల్టేజి పడిపోతుంది. బల్ల కింద ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మి.మీ. వైరు రెండు రంగుల్లో లాగి, ప్రతి గజం ముక్కకు పట్టా బయటి వైపు 0.5 చదరపు మి.మీ. వైరు టంకం వేసి దానికి కలపండి. లోహపు క్రాసింగ్ ఉన్న పాయింట్లు తీసుకుంటే క్రాసింగ్ కరెంటు పాయింటుతో పాటు మారే స్విచ్ పెట్టాలి, లేకపోతే చిన్న ఇంజన్ అక్కడే ఆగిపోతుంది.

జడ్చర్ల కంకర (జవాబు)

మిగిలింది కంకర, ఎండ. ఇవి రెండూ మన దగ్గర వేరే కథ.

స్లీపర్లు ముందు. మన కాంక్రీటు స్లీపరు 2750 మి.మీ., మోడల్‌లో 31.6. కిలోమీటరుకు 1660 వేస్తే నడుమ దూరం 6.9 మి.మీ., గజం ముక్కకు 132. కొన్న ట్రాక్ స్లీపర్లు లెక్కపెట్టండి. తేడా ఉంటే కింద కలిపే ప్లాస్టిక్ వంతెనలు కోసి స్లీపర్లు జరుపుకోవచ్చు, అసలు లైను పోలిక దీంతోనే సగం వస్తుంది. పొడవు మిల్లీమీటరు తక్కువైతే ఎవరికీ తెలియదు.

అసలు కంకర 65 మి.మీ. జల్లెడ దాటి, 20 మి.మీ. జల్లెడ మీద నిలిచేది. భాగిస్తే 0.75 నుంచి 0.23 మి.మీ. క్రషర్ డస్ట్ తెచ్చి మొదట టీ వడగట్టు లాంటి జాలీలో, తర్వాత మైదా జల్లెడలో పట్టండి. మైదా జల్లెడ మీద మిగిలిందే మీ కంకర. రంగు కూడా మన గ్రానైటుదే, వేరే అద్దనక్కర్లేదు. మూడు నీళ్లలో కడిగి, ఎండబెట్టి, గట్టి అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి రెండు మూడు సార్లు కలియబెట్టండి. నల్లని సూదుల్లాంటి పొడి అంటుకొస్తుంది. రాతిలోని మాగ్నటైటు, క్రషర్ దవడల ఇనుము అది. అది తీయకపోతే ఇంజన్ మోటారు అయస్కాంతం పట్టాల మీది నుంచి లాక్కొని లోపల చుట్టుకుంటుంది, మోటారు పోతుంది.

పరిచేటప్పుడు స్లీపరు పైమొహం కనపడాలి. భుజం స్లీపరు కొస నుంచి 4 మి.మీ., ఆ తర్వాత ఒకటిన్నరకు ఒకటి వాలు. మెత్తని కుంచెతో సర్ది, సబ్బుచుక్క వేసిన నీళ్లు పొగమంచులా కొట్టి, ఒక పాలు ఫెవికాల్‌కు మూడు పాళ్ల నీళ్లు కలిపి డ్రాపర్‌తో వేయండి. తడపకుండా వేస్తే బొట్లు బొట్లుగా ఉండకడుతుంది. పాయింటు నాలుక పట్టాల దగ్గర, స్లైడ్ బేరర్ల (నాలుక జారే పలకల) మధ్య అస్సలు వేయొద్దు. ఒక్క గింజ చాలు పాయింటు మూసుకోకుండా చేయడానికి.

ఇక ఎండ. అసలు లైన్లో పట్టాలు వెల్డు చేసి పొడవుగా ఉంటాయి. 60 కిలోల పట్టాలో ఒక్కో డిగ్రీకి సుమారు 1.9 టన్నుల బలం పుడుతుంది, ముప్పై డిగ్రీలకు 57 టన్నులు. దాన్ని స్లీపర్ల బరువు, కంకర పట్టు ఆపుతాయి. చివర్లలో మాత్రమే ఎక్స్‌పాన్షన్ జాయింటు దగ్గర కదలిక. అందుకే వేసవిలో మధ్యాహ్నం గస్తీ, కంకర కదిలిస్తే వేగం ఆంక్ష. మోడల్‌లో ఆ బరువు లేదు, పట్టా జారుతుంది, జారనీయకపోతే పక్కకు ఉబ్బుతుంది.

నికెల్ సిల్వర్ పట్టా డిగ్రీకి మీటరుకు దాదాపు 0.016 మి.మీ. పెరుగుతుంది. జనవరి పొద్దున 20, మే మధ్యాహ్నం 42 అనుకుంటే గజం ముక్కకు 0.3 మి.మీ., 12 అడుగుల గోడ పొడవునా టంకం వేస్తే 1.3 మి.మీ. ఇది తక్కువే అనిపిస్తుంది, అసలు చిక్కు చెక్కతో. మన దగ్గర ఏప్రిల్, మే పొడి గాలికి ప్లైవుడ్ కుంచించుకుంటుంది, సరిగ్గా అప్పుడే పట్టా పెరుగుతుంది. రెండూ కలిసి ఉబ్బుతాయి. వానాకాలం రివర్సు, సందులు తెరుచుకుంటాయి.

చలికాలంలో వేస్తే ప్రతి జాయింటుకు అర మిల్లీమీటరు, మేలో వేస్తే పలచని కాగితమంత చాలు. కర్వులో టంకం వేసిన జాయింట్లుంటాయి కాబట్టి కర్వు రెండు కొసల్లో వదులు జాయింటు ఉంచండి. ప్లై 12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ రకం, కొలిచే ముందు రెండు వైపులా, అంచులకూ పెయింటు వేస్తే తేమ ఆట సగం తగ్గుతుంది, చెదలకూ అడ్డం. కరెంటు విడదీసేందుకు కోసిన సందుల్లో ప్లాస్టిక్ ముక్క అంటించి ఆకురాయి పట్టండి. ఖాళీగా వదిలితే మేలో పట్టాలు ఒకదానికొకటి తగిలి, ఎక్కడో తెలియని షార్ట్ వస్తుంది.

గేజుకొలత

ఒకటి జోడిస్తాను. ప్లాట్‌ఫారం అంచు అసలు లైన్లో పట్టాల మధ్య గీత నుంచి 1670 నుంచి 1680 మి.మీ., హెచ్‌ఓలో 19.3 దాకా. కోచ్ సగం వెడల్పు 18.6. ఆ 0.7 మి.మీ. మోడల్ ఊగిసలాటకు చాలదు, తిన్నగా ఉన్నచోట 21 పెట్టండి. ట్రాన్సిషన్ మొదలయ్యే లోపే ప్లాట్‌ఫారం ముగించండి. ఎత్తు 9.2 మి.మీ. అసలు లెక్కే. కాంటాక్ట్ తీగ 63 మి.మీ. పైన. స్తంభాల ఎడం అసలు లెక్కలో 83 సెం.మీ. దాకా వస్తుంది, మీ 2.2 మీటర్ల యార్డులో మూడే నిలబడతాయి, అందుకే 40 సెం.మీ.కొకటి పెట్టండి.

కొలతల కోసం లైను మీదికి దిగొద్దు. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లడం రైల్వే చట్టం 1989, సెక్షన్ 147 కింద నేరం. ప్లాట్‌ఫారం చివర, ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీది నుంచి ఫోటో తీయండి. స్లీపర్ల నడుమ దూరం తెలుసు కాబట్టి ఫోటోలో స్లీపర్లు లెక్కపెడితే మిగతా కొలతలన్నీ వస్తాయి.

చిట్యాల లూప్‌లైన్

సరే అన్నా. కోడ్ 75 ముందు వైపు, 800 కర్వులు, 400 ట్రాన్సిషన్. ప్లై రెండు వైపులా పెయింట్ ఏసి ఆరబెడుత. 8 మి.మీ. పట్టీ రేపు కోస్త, వెర్సైన్ రీడింగులు ఇక్కడనే పెడుత, చూసి చెప్పుండ్రి.

వెర్సైన్ వీరుడు

పెట్టు తమ్మీ. రీడింగులు కర్వు మొదలుకు 300 మి.మీ. ముందుకెళ్లే తియ్యి, తిన్నటి లైన్ల సున్నా వస్తుందా లేదా అన్నది గూడ తెలవాలె.